అందరి ముందు అన్న మాట

అల్ రువైస్,
ఫిబ్రవరి 9.

ప్రతిమ మేడం గారికి జలంధర్ నమస్కారాలు.

ఈ కాలంలో కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. ఏం చేయను? పోయిన వారం నేను పంపిన వాయిస్ మెసేజ్ మీరు మీవారు గురుప్రసాద్ సార్‌కి ఒక్కరికే వినిపించారట. సార్ ఇంకొక్కరికి వినిపించారట. సాయంత్రానికల్లా అది జగిత్యాలలో మా మేనమామ ఫోన్‌లో మోగింది. వెనకాల ఎవరో డప్పుల సంగీతం కూడా కలిపారు. అందుకే కాగితం. దీన్ని ఫార్వర్డ్ చేయాలంటే ఎవరైనా కాస్త కష్టపడాలి. మా పికప్ డ్రైవర్ తౌఫీక్ రెండు మూడు రోజులకోసారి సామాను కోసం దోహాలోని అల్ సద్ ఆఫీసుకు వస్తాడు. మీ క్లినిక్ ఆ పక్క వీధే కాబట్టి మందుల కౌంటర్ దగ్గర మీ చేతికే ఇస్తాడు. అతనిది పెషావర్. తెలుగు చదవలేడు. అంతకన్నా నమ్మకస్థుడు నాకిప్పుడు దొరకడు.

ఇంకో మాట. నేను మాట్లాడితే మా ఊరి భాష, రాస్తే బడి భాష. కలం పట్టుకోగానే మా తెలుగు పంతులు వచ్చి పక్కన కూర్చుంటాడు. కాబట్టి ఇది జలంధర్ రాసింది కాదేమోనని అనుమానపడకండి.

జరిగింది మీకు తెలుసు. స్టేజి మెట్ల పక్కనే ఉన్నారు. అయినా నా వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఈ తొమ్మిది రోజుల్లో అందరూ చెప్పారు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. మన తెలుగు సమితి వార్షికోత్సవం. ముఖ్య అతిథి హీరో వంశధర్ గారు. మైకు నాది. మా క్యాంపు నుంచి రెండు బస్సుల్లో ఎనభై మంది వచ్చి వెనక వరుసల్లో కూర్చున్నారు. మిమిక్రీలో నాలుగు గొంతులు మార్చాను, హాలు నవ్వింది. తర్వాత హీరోగారిని స్టేజి మీదికి పిలిచాను. ఆయన పక్క కుర్చీలో భార్య ధాత్రి గారు ఉన్నారు. "అవ్వను గూడ తోల్కరాండ్రి సార్" అన్నాను. హాలంతా పగలబడి నవ్వింది. ఆయన రెండు అంగల్లో మెట్లెక్కి వచ్చి నా చెంప మీద కొట్టారు. మైకు నా చేతిలోనే ఉండడంతో ఆ చప్పుడు కూడా స్పీకర్లలో వచ్చింది. ఎడమ చెవిలో కీచుమనే చప్పుడు ఇంకా పోలేదు.

మా జిల్లాలో అవ్వ అంటే తల్లి. మా అమ్మ పేరే రాములవ్వ. తల్లిని పిలిచినట్టు పిలిస్తే కొట్టారు. నా రూంమేట్ భూమేష్ తన ఫోన్‌లో తీసి పేజీలో పెట్టిన వీడియో కింద ఈ మాటే రాశాడు. అంతే, మా వైపు జనం భగ్గుమన్నారు. మా మండలంలో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారట, మా భాష మీద పడిన దెబ్బ అని రాసి. అవతల ఆయన అభిమానులు రెండో చెంప సంగతి కూడా చూస్తామంటున్నారు. భార్యను అంటే కొట్టక ముద్దు పెట్టుకుంటారా అని టీవీలో ఒకాయన అడిగాడట. అమ్మకు ఎవరో చెప్పారు. "దుబాయ్‌ల నిన్నెవడో కొట్టిండటగద, బువ్వ తిన్నవా కొడుకా?" అని ఫోన్‌లో ఏడ్చింది. ఇది ఖతర్ అని పదేళ్ళుగా చెబుతున్నాను. ఆమెకు ఇంకా దుబాయే.

మొన్న శుక్రవారం చెవి చూపించుకుందామని దోహాలోని నజ్మాకు వచ్చాను. బస్సులో ఒక మలబారు అవ్వ, డెబ్బై ఏళ్ళ పైమాటే, కొడుకును చూడవచ్చినట్టుంది. చేతిలో ఫోన్ చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోన్ చూసి, లేచి వచ్చి నా చెంప నిమిరింది. ఆమె అన్నది ఒక్క ముక్క అర్థం కాలేదు. దిగేదాకా నా చెయ్యి వదల్లేదు. మేడం, దెబ్బ తిన్న రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఇక అసలు సంగతి. సమితి అధ్యక్షులు సుధాకరరావు గారు, మీ సార్‌ను వెంటబెట్టుకుని ఈ అల్ రువైస్ సైటు దాకా వచ్చారు. "ఇదంతా ముందే అనుకున్న స్కిట్ అని ఒక్క వీడియోలో చెప్పు బాబూ. ఆయన సినిమా రిలీజు దగ్గర పడింది. సమితి పరువు కూడా నీ చేతుల్లోనే ఉంది" అన్నారు. గురుప్రసాద్ సార్ కిటికీలోంచి బయటకు చూస్తూ, "జూన్‌లో నీ కాంట్రాక్ట్ రెన్యువల్ ఉంది కదా జలంధర్" అన్నారు. ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. మా ప్రాజెక్ట్ మేనేజర్ ఆయనే. నిరుడు నన్ను అల్ సద్ నుంచి ఇంత దూరం పంపిందీ ఆయనే. ఈ పని పోతే ముప్పై ఏడేళ్ళ ఎలక్ట్రీషియన్‌ను కొత్తగా ఎవరు పిలుస్తారు?

అయినా స్కిట్ అని చెప్పను. కేసు పెట్టమనేవాళ్ళు ఉన్నారు, అదీ పెట్టను. కొట్టడం తప్పు అని వంశధర్ గారు అనాలి. నాకు కావలసింది ఆ ఒక్క మాట. అది స్కిట్ కాదని సాంస్కృతిక కార్యదర్శిగా మీరు రాసిస్తే నా మాటకు బలం ఉంటుంది. నన్ను ఆ స్టేజి ఎక్కించింది మీరే. రాసిస్తారా?

ఇట్లు,
జలంధర్.


అల్ సద్,
ఫిబ్రవరి 14.

జలంధర్ గారికి,

తౌఫీక్ వచ్చి "బాజీ, అర్జెంట్" అని కవరు కౌంటర్ మీద పెట్టి వెళ్ళాడు. నా పక్క కౌంటర్‌లో పనిచేసే మెహ్విష్ అది ఏ డాక్టరు ప్రిస్క్రిప్షనో అనుకుని అరగంట తిప్పి చూసింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి కాబట్టి డాక్టరుది కాదని తేల్చి నాకిచ్చింది.

వాయిస్ మెసేజ్ విషయంలో తప్పు నాదే. ఆయనకు వినిపించకుండా ఉండాల్సింది.

ఇక్కడి గోల మీకు తెలియదు. ఆ వీడియోలో మీ చెంప కన్నా ముందు కనిపించేది నేనే. చేతిలో పూలదండల పళ్ళెం, తల వెనక్కి వాల్చి నవ్వు. ఏలూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, "ముప్పై రెండు పళ్ళూ కనిపించాయే అక్కా" అంది. మెహ్విష్ దాన్ని ఉర్దూ సబ్‌టైటిల్స్‌తో చూసింది. మొన్న వెయిటింగ్ హాల్లో ఇద్దరు పేషెంట్లు ఇదే విషయం మీద గొడవపడి తమ టోకెన్ నంబర్లు దాటిపోయినా చూసుకోలేదు. భార్యను అంటే మగాడు చెయ్యి ఎత్తాలంటాడు ఒకాయన. ఇంకొకాయనేమో, ఎదుటివాడు సైటు కూలీ కాబట్టి ఎత్తాడు, పెద్ద మనిషైతే ఎత్తేవాడా అంటాడు. ఇద్దరికీ బీపీ చూస్తే ఎక్కువే వచ్చింది.

మీరడిగిన కాగితం రాయడానికి నిన్న కూర్చున్నాను. అది స్కిట్ కాదు, నిజం. అంతవరకు నా చెయ్యి ఆగలేదు. ఆ తర్వాత, తల్లిని పిలిచినట్టు పిలిచాడు అని రాయబోయి, మీ మాటలు మీవిగానే ఉండాలని ఉత్తరం మళ్ళీ తీశాను. అక్కడ ఆగిపోయాను.

నజ్మా బస్సులో ఆవిడను మలబారు అవ్వ అని రాశారు. డెబ్బై ఏళ్ళ పైమాటే అని కూడా రాశారు. మీ తల్లిగారిని మాత్రం ఉత్తరం పొడుగునా అమ్మ అనే రాశారు. పంతులు పక్కన కూర్చున్నాడన్నారు కదా, ఆయన మిమ్మల్ని పట్టించేశాడు.

నేను మందులిచ్చే మనిషిని. ఒకే పేరుతో రెండు మందులుంటే, ఏది ఏదో తెలియకుండా ఎవరి చేతికీ ఇవ్వను. అందుకే అడుగుతున్నాను. ఆ రోజు మీరన్నది ఏ అవ్వ?

జవాబు వచ్చాకే రాసిస్తాను. ఫోన్‌లో చెప్పకండి.

ప్రతిమ.


అల్ రువైస్,
ఫిబ్రవరి 23.

మేడం,

మీ ఉత్తరం చదివి చించేశాను. తర్వాత మంచం కిందనుంచి ముక్కలన్నీ ఏరుకుని మళ్ళీ చదివాను. కోపం తగ్గాకే రాద్దామని వారం ఆగాను. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

ముసలిదనే అన్నాను.

ఇంకో వాక్యం కూడా ఉంది. "మెట్లు ఎక్కస్తదో లేదో, నేను చెయ్యి వట్టుకుంట" అన్నాను. మొదటి మాటకే హాలు గోలెత్తిపోయింది కాబట్టి రెండోది వెనక్కి వినబడలేదు. భూమేష్ ఫోన్‌లో కూడా పడలేదు. ముందు వరుసకు వినబడింది. ఆమెకు వినబడింది. నవ్వబోయిన మనిషి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. దెబ్బ పడేలోపు నేను చూసింది ఆ ముఖమే. ఈ మూడు వారాల్లో ఎవరికీ చెప్పలేదు.

ఆమె హీరోగారి కన్నా తొమ్మిదేళ్ళు పెద్దదని, జుట్టుకు రంగు వేసుకోదని అందరూ ఆడిపోసుకునేదే. అది నాకు పనికొచ్చింది. మాట కూడా ఊరికే నోరుజారి రాలేదు. మా ఊళ్ళో తల్లి, మీ హాల్లో ముసలిది. ఎవరైనా పట్టుకుంటే మా భాష అని తప్పించుకోవచ్చని ముందే అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అక్కడ దాక్కుంటే చాలనుకున్నాను, ఇప్పుడు నా వెనకాల జిల్లా మొత్తం వచ్చి నిలబడింది.

మీరు అడిగారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. రిహార్సల్ రోజు సమితి ఆడవాళ్ళు దండలు కడుతున్నారు. "అవ్వగారికి ఈ దండ బరువేమో, చిన్నది కట్టండి" అని ఒకావిడ అన్నది. "మనవడు మోస్తాడులే" అని ఇంకొకావిడ. మీరు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. అక్కడే వైర్లు సర్దుతున్న నన్ను చూసి, "జలంధర్, ఇది వాడుకోరాదూ, హాలు ఊగిపోతుంది" అన్నారు. గుర్తుందా మేడం? మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా కనబడలేదు. ఏ అవ్వ అని నన్ను అడిగారు. ఆ అవ్వను నా చేతికిచ్చిందెవరు?

నా తప్పు మీ నెత్తిన వేయడానికి రాయడం లేదు. నోరు నాది. కానీ ప్రశ్న వేసేవాళ్ళు కూడా ముందు వరుసలోనే ఉన్నారని చెబుతున్నాను.

ఇప్పుడు నేను చేయబోయేది వినండి. నేను అన్నది తప్పు. ఆయన కొట్టింది కూడా తప్పు. నాది పెద్దది కాబట్టి ఆయనది లేకుండా పోదు, ఆయనది పెద్దది కాబట్టి నాది లేకుండా పోదు. ఆమెను అన్నది అందరి ముందు కాబట్టి క్షమించమనేది కూడా అందరి ముందే అడుగుతాను. వీడియో తీయమని భూమేష్‌ను అడిగితే ఫోన్ మంచం మీదికి విసిరికొట్టాడు. "నువ్వు గిట్ల జెప్తె మన ఇజ్జత్ ఏమైతది? ఊరు ఊరంత నీ ఎనుక నిలవడ్డది. నడుమల ఇడిసిపెడ్తవా?" అన్నాడు. "నా ఎనుక గాదురా, నా అబద్దం ఎనుక నిలవడ్డది" అన్నాను. అప్పటినుంచి మాటల్లేవు. ఒకే గదిలో ఆరడుగుల దూరంలో పడుకుంటున్నాం.

తౌఫీక్ తీస్తానన్నాడు. నేను ఏం చెబుతానో అతనికి అర్థం కాదు. కెమెరా మాత్రం కదలకుండా పట్టుకుంటాడు. రేపు సాయంత్రం డ్యూటీ అయ్యాక.

మీరేం చేస్తారో మీ ఇష్టం.

జలంధర్.


అల్ సద్,
ఫిబ్రవరి 27.

జలంధర్,

వీడియో చూశాను. ఒక నిమిషం పది సెకన్లు. ధాత్రి గారూ, మిమ్మల్ని ముసలిదని ఎగతాళి చేశాను, మా భాషలో తల్లి అని చెప్పుకుని తప్పించుకున్నాను, రెండూ తప్పే, అన్నావు. చివర్లో, నన్ను కొట్టింది కూడా తప్పే, ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాను, అన్నావు. తడబడలేదు.

రిహార్సల్ సంగతి గుర్తుంది. నీ ఉత్తరం రాకముందు కూడా గుర్తుంది.

నా వంతు మిగిలింది. కొంచెం వ్యవధి ఇవ్వు.

ప్రతిమ.


అల్ సద్,
మార్చి 16.

తమ్ముడూ,

"మీరు" అనడం మానేశాను, గమనించావు కదా. ఒకరి తప్పులు ఒకరికి తెలిశాక గార్లు నిలవవు.

నాలుగు ఉత్తరాలు రాసి చించాను. ప్రతిదాంట్లోనూ మొదటి పేజీ అంతా నేనెంత మంచిదాన్నో చెప్పడానికే సరిపోయింది. అందుకని ఇక సూటిగా చెబుతాను. పోయిన మంగళవారం సమితి గ్రూపులో, నాలుగు వందల మంది ఉన్నచోట, నా పేరుతో రాశాను. ఆ మాట మా దండల దగ్గర పుట్టిందని, జలంధర్‌కు అందించింది నేనని, అతను అన్నప్పుడు అందరికన్నా గట్టిగా నవ్వింది కూడా నేనేనని, అది స్కిట్ కాదని. మిగతా ఆడవాళ్ళ పేర్లు రాయలేదు. వాళ్ళ మాట వాళ్ళే చెప్పుకోవాలి.

గంట తర్వాత ఒకావిడ పుట్టినరోజు కేకు ఫొటో పెట్టింది. నలుగురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. సుధాకరరావు గారు ఫోన్ చేసి, "అమ్మా, నలుగురిలో నగుబాటు చేశావు కదమ్మా" అన్నారు. "నలుగురిలోనే కదండీ ఆవిడను నగుబాటు చేసింది" అన్నాను. నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేశారు. పదేళ్ళుగా ఆ గొడుగు కిందే నాకు పరిచయాలన్నీ. ఏడుపొచ్చింది, దాచను.

ఇంట్లో కూడా పెద్ద గొడవే. మా ఆయన సోఫాలో కూర్చుని, "నీకెందుకు ప్రతిమా? వాడు పోతే వాడి ఊరు పోతాడు. మనం ఇక్కడే ఉండాలి" అన్నారు. "వాడికి మైకు ఇచ్చింది నేను. మాట కూడా నేనే ఇచ్చాను. వాడొక్కడే ఎందుకు పోవాలి?" అన్నాను. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన ముందు అంత గట్టిగా అరవలేదు. మూడు రోజులు ఎవరి కాఫీ వాళ్ళే పెట్టుకున్నాం. నాలుగో రోజు ఆయనే నా కప్పు కూడా నింపారు. మనిషి చెడ్డవాడు కాదు. భయస్తుడు. ఆ భయంలో నాకూ వాటా ఉంది.

నిన్ను తిడుతున్నారని తెలుసు. ఫ్లెక్సీ తీసేశారట కదా. మీ వాళ్ళేమో అమ్ముడుపోయాడంటున్నారు. అభిమానులేమో చూశారా, ఒప్పుకున్నాడు, మా హీరో కొట్టింది న్యాయమే అంటున్నారు. నువ్వు చెప్పిన చివరి మాట కత్తిరించి మిగతాది తిప్పుతున్నారు. ఇటు నుంచి కత్తిరించినవాళ్ళు కొందరు, అటు నుంచి కత్తిరించినవాళ్ళు కొందరు. పూర్తిగా చూసినవాళ్ళు ఎంతమందో.

పూర్తిగా చూసిన మనిషి ఒకరు మాత్రం నాకు ఫోన్ చేశారు. ధాత్రి గారు. గొంతు నెమ్మదిగా ఉంది. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను. "ప్రతిమ గారూ, బాధపడలేదని అబద్ధం చెప్పను. గదికి వెళ్ళి చాలాసేపు అద్దంలో చూసుకున్నాను. కానీ ఆయన లేచినప్పుడు నేను చొక్కా పట్టుకుని లాగాను, వద్దన్నాను. అది ఏ వీడియోలోనూ రాలేదు. అప్పటినుంచీ నా మర్యాద కోసం దేశమంతా కొట్టుకుంటోంది. నాతో మాట్లాడింది మాత్రం మీ జలంధర్ ఒక్కడే. ఇప్పుడు మా ఆయన మాట్లాడాలి. మాట్లాడిస్తాను."

వంశధర్ గారు ఒప్పుకున్నారట. అయితే ఆయన మేనేజర్ మా ఆయనకు ఫోన్ చేశాడు. నిన్ను దోహాలో ఒక హోటల్‌కు పిలిపించి, ఇద్దరూ కౌగలించుకున్నట్టు వీడియో తీసి, సినిమా విడుదల వారంలో వదులుతారట. దానికి నువ్వు సరేనంటే కంపెనీ పెద్దలు కూడా మెత్తబడతారని, కాంట్రాక్ట్ ఇంకో రెండేళ్ళు పొడిగించి, మళ్ళీ అల్ సద్ తీసుకొస్తామని మా ఆయన చెప్పమన్నారు. ఒప్పుకోకపోతే జూన్‌తో సరి.

నేను సలహా ఇవ్వను. ఇచ్చిన సలహా ఒకటి చాలు. నువ్వు ఏది అనుకున్నా నీ పక్కనే ఉంటాను, ఈసారి కనిపించేలా.

అక్క,
ప్రతిమ.


అల్ రువైస్,
మార్చి 20.

అక్కా,

తౌఫీక్ బండి స్టార్ట్ చేసి యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు, అందుకే నాలుగు ముక్కలు. ధాత్రి గారికి ఇలా చెప్పండి. హోటల్ వద్దు, కౌగిలి వద్దు. ఆ రోజు నేను దెబ్బ తినడం మా క్యాంపు వాళ్ళు ఎనభై మంది వెనక వరుసల్లోంచి చూశారు. చూసి, ఒక్కరూ నోరు మెదపకుండా బస్సెక్కి వచ్చారు. వాళ్ళలో చాలామంది ఇప్పటికీ నా కళ్ళలోకి చూడడం లేదు. ఆ మాట వాళ్ళ ముందు చెప్పాలి. శుక్రవారం భోజనాల వేళ మా మెస్‌లో, ఫోన్‌లోనైనా సరే. ఎవరూ రికార్డ్ చేయకూడదు, ఆయన వైపూ, మా వైపూ. రికార్డ్ చేస్తే అది ఆయన సినిమాకు పనికొస్తుంది, భూమేష్ పేజీకి పనికొస్తుంది. నాకు పనికిరాదు.

సార్‌కు కూడా చెప్పండి. జూన్ సంగతి నాకు తెలిసే అడుగుతున్నాను.

జలంధర్.


అల్ రువైస్,
ఏప్రిల్ 20.

అక్కా,

మొన్న శుక్రవారం జరిగింది. సార్ మీకు చెప్పే ఉంటారు, అయినా నేను రాయాలి.

సార్ తన లాప్‌టాప్ తెచ్చి మెస్‌లో క్రికెట్ చూసే టీవీకి కలిపారు. ఆయన చేతులతో ఆయనే వైర్ పెట్టారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను బెంచీ ఎక్కి, "అన్నా, ఎవ్వలు ఫోన్లు తియ్యొద్దు. జేబులల్ల పెట్టుండ్రి" అన్నాను. అందరూ పెట్టారు. భూమేష్ చివరిదాకా చేతిలోనే పట్టుకున్నాడు. రెండు నెలల నుంచి వాడి పేజీకి ఉన్న జనమంతా నా చెంప వల్ల వచ్చినవాళ్ళే. నేను అడగలేదు, చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి వాడూ జేబులో పెట్టాడు.

టీవీలో వంశధర్ గారు కనిపించారు. మేకప్ లేకపోతే మామూలు మనిషే. పక్కన ధాత్రి గారు. ఆయన గొంతు సవరించుకుని, "జలంధర్, ఆ రోజు జరిగినదానికి నేను చాలా బాధపడుతున్నాను" అన్నారు.

ఎనభై మంది కంచాల ముందు కదలకుండా ఉన్నారు. అక్కా, అక్కడితో సరేనంటే అయిపోయేది. ఆయన పెద్ద హీరో, పైగా ఫోన్ చేసి బాధపడుతున్నానంటున్నాడు, ఇంకేం కావాలి అనిపించింది. కానీ మనసు ఒప్పలేదు. "సార్, జరిగినదానికి గాదు. మీరు జేసినదానికి" అన్నాను.

లైను తెగిందేమోనని సార్ వైరు కదిపారు. ధాత్రి గారు ఆయన వైపు తిరగలేదు, మా వైపే చూస్తున్నారు. అప్పుడు ఆయన అన్నారు. "నేను కొట్టాను. కొట్టడం తప్పు. నువ్వన్న మాటకు ఇప్పటికీ నాకు కోపం ఉంది. కానీ చెయ్యి ఎత్తకూడదు. తప్పు నాది."

"కోపం ఉండాలె సార్. గా మాట నాది తప్పే. మేడం, మీ ముంగట మల్ల జెప్తున్న, నాది తప్పే" అన్నాను. ధాత్రి గారు తల ఊపారు. "సరే. ఇక భోంచెయ్యండి అందరూ, అన్నం చల్లారిపోతుంది" అన్నారు. అంతే. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే నాకు నచ్చేది కాదు. మా ఫోర్‌మన్ గంగాప్రసాద్ పెద్దాయన, బీహారు మనిషి, భాష రాదు. పక్కవాడిని "క్యా బోలా?" అని అడిగి తెలుసుకుని, వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. భూమేష్ తన కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. పప్పు గిన్నె నా వైపు జరిపాడు.

బయట మాత్రం ఏమీ మారలేదు. ఇవాళ పొద్దున కూడా నన్ను తిడుతూ ఒక వీడియో వచ్చింది, ఆయన్ని తిడుతూ ఇంకొకటి. వాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. మెస్‌లో ఉన్నవాళ్ళు రెండు రోజులైనా ఎక్కడా పెట్టలేదు. ఎనభై మంది నోళ్ళు అలా కట్టుకుని ఉండడం ఈ క్యాంపులో నేను మొదటిసారి చూస్తున్నాను.

భోజనాలయ్యాక సార్ నన్ను బయటికి పిలిచారు. చేతిలో కాగితం ఉంది, జూన్‌తో కాంట్రాక్ట్ ముగుస్తుందని. ఆయనకు ఇవ్వడం ఇష్టం లేదని ముఖంలోనే తెలుస్తోంది. "పైనుంచి వచ్చింది జలంధర్. ఇదే మూడు నిమిషాలు వీడియోగా ఉంటే నీకు రెండేళ్ళు పని ఉండేది. ఇప్పటికైనా ఆలోచించు, మళ్ళీ మాట్లాడిస్తాను. ఒక్క వీడియోకి ఎందుకంత పట్టుదల?" అన్నారు.

నాకు ఉద్యోగం అక్కర్లేదని కాదు అక్కా. భయం లేదని కూడా కాదు. ఇంటికి వెళ్ళాక ఏం పని దొరుకుతుందో తెలియదు. కానీ సార్‌కు ఉన్నమాటే చెప్పాను.

"గా దినం దెబ్బ తిన్నంక వీడియో మిగిలింది సార్, నేను మిగల్లే. ఈసారి వీడియో లేకున్న మంచిదే, నేను మిగలాలె."

సార్ జేబులోంచి తన కలం తీసి ఇచ్చారు. కాగితాన్ని గోడకు ఆనించి సంతకం పెట్టాను.

ఇట్లు,
మీ తమ్ముడు,
జలంధర్.